చర్చ అక్కర్లేని అంశం

పదిహేడో నంబరు రివాల్వరు చక్రాన్ని పక్కకు తోసి, ఆరు గుళ్ళ గదులూ ఖాళీయేనని కంటితో చూసి, చాలక చిటికెన వేలితో ఒక్కొక్కటీ తడిమి, ఎవరూ పేల్చడానికి వీల్లేకుండా ఆర్డిత్ కుంకెల్ దాని గొట్టంలోంచి పసుపుపచ్చ ప్లాస్టిక్ పట్టీ దూర్చింది. కొస బిగించడానికి పళ్ళతో లాగింది. వేళ్ళు ఆ పని మానేసి నాలుగేళ్ళయింది. ఇంకా ఇరవై నాలుగు ఉన్నాయి. సాయంత్రం అయిదున్నరకల్లా నలభై ఒక్కటీ పైఅంతస్తులో, కౌన్సిలు హాల్లో, బల్లమీద వరసగా పడుకుని ఉండాలి.

సాక్ష్యాల గది పోలీసు స్టేషను కింద, కిటికీ లేని నేలమాళిగలో ఉంటుంది. జూన్ ఎండ ఊరిని మాడుస్తున్నా అక్కడ చలే. అందుకని ఆమె ఒంటిమీద ఏడాది పొడుగునా ఊదారంగు స్వెట్టరుంటుంది. పొడుగాటి మనిషి. అరల మధ్య వంగీ వంగీ నడుము అలాగే ఉండిపోయింది. జుట్టు అద్దంలో చూసుకుని తనే కత్తిరించుకుంటుంది గనక వెనకవైపు ఎప్పుడూ ఒక పక్క ఎక్కువ. వేళ్ళ కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బి ఉంటాయి. ఎనిమిది వారాలకోసారి ఆసుపత్రికి పోయి, చెయ్యి చాపి మూడు గంటలు కూర్చుంటే నరంలోకి మందు ఎక్కిస్తారు. ఆ మందున్నంత కాలం వేళ్ళు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. దాని ఖరీదెంతో ఆమె ఎన్నడూ అడగలేదు. ఉద్యోగంతో పాటు వచ్చే బీమా చూసుకునేది.

మూడు నెలల టైపిస్టుగా వచ్చి ఇరవై తొమ్మిదేళ్ళుండిపోయింది. అప్పట్లో ఆ గదికి తాళం ఉండేది కానీ లెక్కాడొక్కా ఉండేది కాదు. ఆమె వచ్చాక మా ఊళ్ళో దొంగిలించిన సైకిలు దగ్గర్నుంచి, కోర్టుకెక్కిన పెళ్ళిగౌను దాకా ప్రతి వస్తువుకీ ఒక చీటీ వచ్చింది. ఒకసారి పట్నం నుంచి వచ్చిన లాయరు ఆమెను బోనులో నిలబెట్టి గంటసేపు వాయించాడు, ఒక రక్తపు చొక్కా మధ్యలో ఎక్కడైనా లెక్కలోకి రాకుండా చేతులు మారిందేమోనని. మారలేదు. ఆమె జీవితంలో చెప్పుకోదగ్గ సంగతి అదొక్కటే. దాన్ని కూడా ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

ఈ తుపాకులు మా పోలీసులు ముప్ఫై ఏళ్ళ కిందట వాడి వదిలేసినవి. కొత్తరకం పిస్తోళ్ళు వచ్చాక వీటినేం చెయ్యాలో ఎవరూ తేల్చక, అడుగు అరలో పడి ఉన్నాయి. ఆర్డిత్ ఏడాదికి రెండుసార్లు నూనె పెట్టేది. పెట్టమని ఎవరూ చెప్పలేదు. పదిహేడో నంబరు మోసిన పోలీసు దాన్ని ఒకేసారి పేల్చాడు, కారు గుద్దిన లేడిమీద. తర్వాత వారం రోజులు సెలవు పెట్టాడు. ముప్ఫయ్యోది చేపల వేటలో ఏట్లో పడి రెండు రోజులు నానింది. ఇవన్నీ పాత ఫైళ్ళలో ఉన్నాయి, ఫైళ్ళన్నీ ఆమె తలలో ఉన్నాయి.

రెండు నెలలుగా ఊరు ఈ నలభై ఒక్క తుపాకుల మీదే కొట్టుకు చస్తోంది. వీటిని తుపాకుల వ్యాపారికిచ్చి కొత్తవి తీసుకుందామంటాడు పోలీసు చీఫ్ గ్రాంట్ మోబ్లీ. కరిగించమని చర్చివాళ్ళు, ఊళ్ళోవాళ్ళకే అమ్మమని వేటగాళ్ళు. కాఫీ హోటల్లో పాతికేళ్ళ స్నేహితులు బల్లలు మార్చుకుని కూర్చుంటున్నారు. కౌన్సిలు తేల్చాల్సింది ఈ మంగళవారమే.

పోయిన శుక్రవారం ఆ సభకు అంశాల పట్టిక నలభై కాపీలు తీసింది ఆర్డితే. కాపీ యంత్రం ఆమె గది పక్కనే ఉంటుంది మరి. ముప్ఫయ్యో కాపీ దగ్గర కాగితం ఇరుక్కుంటే లాగి, సాపు చేస్తూ చదివింది. తొమ్మిదో అంశం: సాక్ష్యాల గది సంరక్షకురాలి ఉద్యోగం జూన్ ముప్ఫైతో రద్దు, పని జిల్లా షెరీఫు కార్యాలయానికి బదిలీ. మిగిలిన పది కాపీలు కూడా తీసి, పిన్ను కొట్టి, పైకి పట్టుకెళ్ళింది.

మోబ్లీ కుర్రవాడు, మర్యాదస్తుడు. చావు కబురు చల్లగా చెప్పాడు. "గురువారమే చెబుదామనుకున్నానండీ. మీరు సెలవులో ఉన్నారు."

ఆ గురువారం ఆమె ఆసుపత్రిలో చెయ్యి చాపుకుని కూర్చుని ఉంది.

ఆర్డిత్‌కి అరవై నాలుగు. వచ్చే మే నెలలో అరవై అయిదు నిండితే ప్రభుత్వ బీమా వస్తుంది. అంటే పదకొండు నెలలు గడవాలి. గడిచే దారి కూడా ఒకటుంది, అది ఆమెకు తెలుసు. తొమ్మిదో అంశం 'చర్చ అక్కర్లేని అంశాల' కట్టలో ఉంది. పోయిన సభ నివేదిక, ఈతకొలనుకి మందు కొనుగోలు, ఐస్‌క్రీం బండి లైసెన్సు, అన్నీ ఒకే ఓటుతో పోతాయి. కానీ అయిదుగురు సభ్యుల్లో ఏ ఒక్కరైనా "తొమ్మిది పక్కన పెట్టండి" అంటే చాలు, దాన్ని విడదీసి వచ్చే నెల సభలో చర్చించి తీరాలి. వచ్చే నెలకి కొత్త బడ్జెట్టు మొదలైపోతుంది, అందులో ఆమె జీతం ఉండిపోతుంది. ఒక్క మాటకి ఒక ఏడాది.

ఆ మాట సభ్యుడే అనాలి, ఆమె అనడానికి లేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆర్డిత్ వాళ్ళమ్మ అడిగినా పెట్టే రకం కాదు, అందుకని ఆమెకు అడగడం అలవాటు కాలేదు. శని, ఆది, సోమ, మూడు రోజులు నోట్లోనే నములుకుని, మంగళవారం మధ్యాహ్నం ఎండలో నడుచుకుంటూ రాయిస్ టిబెట్స్ హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్ళింది. రాయిస్ కౌన్సిలు సభ్యుడు, బళ్ళో ఆమెతో చదివినవాడు, చర్చిలో ముందు బెంచీ. ఇరవై మూడో నంబరు తుపాకీ, అప్పట్లో చీఫ్‌గా చేసిన వాళ్ళ నాన్నది.

"రాయిస్, ఓ మాట అడగాలి."

"నేనే వద్దామనుకుంటున్నా నీ దగ్గరికి. మా నాన్న తుపాకీ గురించి ఏదన్నా చెప్పు ఆర్డిత్. సాయంత్రం మాట్లాడాలి. ఏదన్నా ఘనకార్యం లాంటిది."

ఫైల్లో ఉన్నది ఆమెకు తెలుసు. పెద్ద టిబెట్స్ ఆ తుపాకీని హోటలు మరుగుదొడ్లో రెండుసార్లు మర్చిపోయి వచ్చాడు. రెండోసారి వంటమనిషి తువ్వాల్లో చుట్టి తెచ్చిచ్చింది.

"ఒక్కసారీ పేల్చే అవసరం రాలేదు ఆయనకి," అంది.

రాయిస్ కళ్ళు మెరిశాయి. బిల్లు వెనక రాసుకున్నాడు. ఈలోగా ఒకాయన మేకులకి, ఒకావిడ గొట్టానికి వచ్చి వెళ్ళారు. ఆర్డిత్ రంగు డబ్బాల పక్కన నిలబడింది. కొట్టు ఖాళీ అయ్యాక, ముందే కూడబలుక్కున్నదంతా గడగడా అప్పజెప్పేసింది.

"తొమ్మిది పక్కన పెట్టండి. అంతేగా?" అన్నాడు రాయిస్.

"అంతే. నేను లేచి చెప్పకూడదట. సభ్యులే అనాలి."

"దీనికోసం ఎండలో పడొచ్చావా? ఫోన్లో చెబితే పోయేదిగా. నువ్వు లేవకు, నోరు మెదపకు. ఆ తొమ్మిదోది ఇవాళ దాటిందంటే నా పేరు మార్చుకుంటా."

తిరిగి వచ్చి, శుక్రవారం తర్వాత మొదటిసారి, తెచ్చుకున్న రొట్టె మొత్తం తిన్నది. ప్రాణం లేచొచ్చింది. మిగిలిన తుపాకులకి పట్టీలు దూరుస్తూ సన్నగా కూనిరాగం కూడా తీసింది. నేలమాళిగలో వినేవాళ్ళెవరూ లేరు.

సాయంత్రం హాలు కిటకిటలాడింది. మామూలుగా అయితే ఇద్దరు ముసలివాళ్ళూ ఒక విలేకరీ వచ్చే సభ అది. ఇంతమంది వచ్చారు గనక తుపాకుల సంగతి ముందు, మిగతావి తర్వాత, ఇవాళ జనం మాట్లాడేది తుపాకుల మీదే అని మేయరు కార్లీన్ వాస్ ప్రకటించింది. ఆర్డిత్ బల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది, ఎవరూ ముట్టుకోకుండా చూడాలని. ఆకుపచ్చ గుడ్డ మీద నలభై ఒక్కటీ నూనె మెరుపుతో, పెళ్ళిచూపులకి కూర్చోబెట్టినట్టున్నాయి.

మనిషికి మూడు నిమిషాలు. కరిగించి చర్చికి గంట పోయించమని ఒకావిడ అడిగింది. అంత మంచి ఉక్కును కరిగించడం పాపం అన్నాడు ఒక వేటగాడు. పక్క ఊరివాళ్ళు అమ్మిన తుపాకీతోనే పక్క ఊరి మందుల కొట్టు దోచారని బడిపంతులమ్మ చెప్పింది. ఒకాయన మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చాడు, దేనికో మాకు అర్థం కాలేదు గానీ మేమూ కళ్ళు తుడుచుకున్నాం. నేను కూడా నా మూడు నిమిషాలూ వాడుకున్నాను. కరిగించమనే చెప్పాను. చప్పట్లు పడ్డాయి. బల్ల పక్కన కుర్చీలో ఎవరున్నారో ఆ మూడు నిమిషాల్లో నేను చూసినట్టు గుర్తు లేదు.

ఆఖర్న రాయిస్ లేచాడు. బిల్లు కాగితం తీశాడు కానీ చూడలేదు.

"మా నాన్న ఇరవై రెండేళ్ళు మోశాడు దీన్ని. ఒక్కసారీ పేల్చే అవసరం రాలేదు. శాంతి అంటే అదీ. నమ్మకంగా పనిచేసినదాన్ని, పనైపోయింది గదాని పారేస్తామా? అలాంటి ఊరా మనది?"

హాలు లేచి నిలబడింది. ఆర్డిత్ కూడా చప్పట్లు కొట్టింది, అరచేతులు ఆనీ ఆనకుండా. ఆ మాటలు తన గురించే అంటున్నట్టు ఆమెకు ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడింది కూడా.

ఏం తేల్చారంటే, ఏమీ తేల్చలేదు. ఆరు నెలల గడువుతో ఒక కమిటీ వేశారు. అందాకా తుపాకుల్ని పువ్వుల్లో పెట్టి చూసుకోవాలి. తేమ తగలకుండా కొత్త యంత్రం కొనాలి. పోతే పూచీ ఎవరిదని ఊరి లాయరు అడిగితే, నలభై ఒక్కటికీ ఏడాది బీమా చేయించాలని కూడా తీర్మానించారు. అయిదు చేతులూ లేచాయి.

జనం కుర్చీలు జరుపుకుంటూ తలుపులవైపు కదిలారు. కిటికీల్లో ఇంకా ఎండ ఉంది. ఆ గోలలోనే మేయరు కాగితం తిప్పి, "మిగిలినవి చర్చ అక్కర్లేని అంశాలు, నాలుగు నుంచి పదకొండు. ఎవరైనా ఏదైనా పక్కన పెట్టమంటారా?" అంది.

ఆర్డిత్ రాయిస్ వంక చూసింది. వెనకనుంచి ఎవరో భుజం తడుతుంటే అతను తల తిప్పి నవ్వుతున్నాడు. మళ్ళీ ఇటు తిరిగాడు. ఆమెను చూశాడు. చూసి, తృప్తిగా తల ఊపాడు.

"ఆమోదించమని ప్రతిపాదిస్తున్నా," అంది చివరి కుర్చీలో సభ్యురాలు.

"బలపరుస్తున్నా," అన్నాడు రాయిస్.

పదకొండేళ్ళుగా ప్రతి నెలా ఆ కట్టను బలపరిచేది అతనే. తుమ్మితే చిరంజీవ అన్నట్టు, ప్రతిపాదన చెవిన పడగానే ఆ మాట నోట్లోంచి వచ్చేస్తుంది. అందులో మోసం లేదు, పగ లేదు. ఆమె గురించిన ఆలోచన కూడా లేదు. అయిదు చేతులు లేచాయి, దిగాయి. మొత్తం అర నిమిషం పట్టింది.

ఆర్డిత్ లేచి నిలబడింది. "మేయరు గారూ..."

"ఆ తుపాకులు జాగ్రత్తమ్మా ఆర్డిత్, జనం కదులుతున్నారు," అంది మేయరు, సుత్తి కొట్టి సభ ముగించేస్తూ.

నిజంగానే ఎవరో ఇరవై మూడో నంబరు మీద చెయ్యి వెయ్యబోతున్నారు. ఆర్డిత్ కూర్చుని, దానిమీద తన చెయ్యి అడ్డం పెట్టింది.

చెయ్యి వెయ్యబోయింది రాయిసే. "ఎలా మాట్లాడాను?"

"బాగా మాట్లాడావు."

"ఏడిపించేశావంటున్నారు ఒక్కొక్కళ్ళూ. నువ్వు చెప్పిన ముక్కేలే అది, పేల్చలేదన్నది..." అని ఆగిపోయాడు. మొహంలో రంగు మారింది. "అయ్యో, తొమ్మిదోది. నువ్వన్నా కాస్త దగ్గాల్సింది కదా ఆర్డిత్."

"నోరు మెదపొద్దన్నావుగా."

"సరే, ఏం మునిగిపోలేదు. వచ్చే నెల ఎత్తుతాలే."

"వచ్చే నెలకి నేనుండను రాయిస్."

"అలా మాట్లాడకు," అని రాయిస్ ఆమె భుజం నొక్కాడు. విలేకరి ఫొటోకి పిలిస్తే వెళ్ళాడు. తుపాకీతోనే ఫొటో కావాలన్నారు. రూలు ప్రకారం ఆమె సంతకం పెట్టించుకుని ఇచ్చి, ఫొటో అయ్యాక తిరిగి తీసుకుంది. నలభై ఒక్కటీ లెక్క చూసుకుని, బండిమీద పెట్టి, ఎప్పట్లాగే కిందికి దిగిపోయింది.

జూన్ ముప్ఫై శుక్రవారం అయింది. మా ఊళ్ళో రిటైరయ్యే పోలీసుకి అతని తుపాకీ ఒక డాలరుకి ఇచ్చి, కేకు కోసి పంపడం ఆచారం. ఆర్డిత్ పోలీసు కాదు గనక ఆచారం వర్తించలేదు. షెరీఫు పంపిన డిప్యూటీ రెండు రోజులు అరలన్నీ సరిచూశాడు. ఒక్క గుండీ కూడా తేడా రాలేదు. ఇంత సులువైన అప్పగింత తన సర్వీసులో చూడలేదని మెచ్చుకున్నాడు. ఆమె థాంక్స్ చెప్పి, స్వెట్టరు విప్పి చేతికి వేసుకుని, మూడు గంటలకి మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆగస్టులో ఎక్కించాల్సిన మందు ఎక్కించుకోలేదు. సెప్టెంబరులో ఆర్కెన్సా రాష్ట్రం నుంచి చెల్లెలి మొగుడు వ్యాను వేసుకొచ్చి తీసుకుపోయాడు. వ్యాను తలుపు అతనే తీసి, అతనే వేశాడని ఎదురింటివాళ్ళు చెప్పారు. అక్కడ ఆ మందు దొరికిందా అని మేమెవ్వరం అడగలేదు. మాకప్పుడు తుపాకుల కమిటీ ఉంది.

ఆమె అప్పగించి వెళ్ళిన తాళంచెవి డిప్యూటీ గుత్తికి పట్టలేదు. సన్నటి చెవిని వేళ్ళు తిప్పలేక, తలకాయ చుట్టూ ఏళ్ళ తరబడి గుడ్డ టేపు చుట్టీ చుట్టీ కోడిగుడ్డంత చేసింది. అతను చాకుతో నిలువునా కోసి, ఒలిచి, తాళంచెవి గుత్తికి తగిలించుకుని పోయాడు. టేపు డొల్ల చాలా రోజులు నేలమాళిగలో ఆమె బల్లమీదే ఉంది, ఒకవైపు బొటనవేలు ఆనిన గుంట, రెండోవైపు రెండు వేళ్ళ గుంటలతో.