గురువారం లెక్కపెట్టిన తలలు

అబిడ్స్‌లో ఎమ్మెల్సీ శ్రీపతి గారి ఆఫీసు మెట్లు స్టెఫీ రెండేసి చొప్పున ఎక్కింది. కోఠి కాలేజీలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదివే పిల్ల, పేద పిల్లల చదువుల మీద ప్రాజెక్టు రాసి, ఒకప్పుడు బడిపంతులుగా చేసిన పెద్దమనిషి దగ్గరికి సలహా కోసం వస్తోంది మరి. ఆ మాత్రం గర్వం ఉండదా!

ప్రాజెక్టంతా నాంపల్లి దర్గా వెనక సందులో ఉన్న సర్కారు బడి గురించే. స్టెఫీ కూడా అక్కడే అక్షరాలు దిద్దింది. వాళ్ళమ్మ బెత్సీ ఇప్పటికీ అక్కడే మధ్యాహ్న భోజనం వండుతుంది. రిజిస్టర్లో నలభై ఒక్క పేర్లు, టీచరు మాత్రం ఒక్కరే. ఇంకో టీచరును వేయించాలన్నదే స్టెఫీ పట్టుదల. అందుకే నాలుగు వారాలు వెళ్ళి, గుమ్మం పక్కన కూర్చుని, తలలు లెక్కపెట్టి ఉన్నదున్నట్టు రాసింది. ఏ రోజూ పదిహేడు దాటలేదు. టీచర్లు చాలకే పిల్లలు రావడం మానేశారని తేల్చేసింది.

సారు తీరిగ్గా చదువుతారని వారం కిందటే పీఏ భూపాల్‌కు ఒక కాపీ ఇచ్చిపోయింది. తీరా చూస్తే సారుకు ఆ సంగతే తెలియదు. చాయ్ తెప్పించి, ఆమె చేతిలోని కాపీనే తీసుకుని తిరగేశారు. మూడో పేజీ దగ్గర ఆగి కళ్ళద్దాలు తీశారు.

"బడికి ఏ దినం పోయినవ్ బిడ్డా?"

"బేస్తారం సార్, నాలుగు వారాలూ. ఆ రోజే నాకు క్లాసులుండవు."

ఆయన కాగితాలు బల్లమీద పెట్టారు. "బేస్తారం నాడు ఆ గల్లీ పిల్లలు ఏడుంటరో నీకెర్క లేదా?"

స్టెఫీ చేతిలో చాయ్ చేతిలోనే ఉండిపోయింది. గురువారం దర్గాకు జనం విరగబడతారు. పూలమ్మేవాళ్ళ పిల్లలూ, చెప్పులు కాసేవాళ్ళ పిల్లలూ ఆ ఒక్కరోజు అమ్మానాన్నల పక్కనే ఉండి, శుక్రవారం పొద్దున బుద్ధిగా బడికొస్తారు. తనతో చదివినవాళ్ళూ అంతే చేశారు. పుట్టి పెరిగిన సందు సంగతి ఎలా మరిచిపోయిందో! సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

అన్ని రోజులూ లెక్కపెట్టి మళ్ళీ రాస్తానని, ఆ పాత కాపీ ఇచ్చేయమని భూపాల్‌ను అడిగింది. అతను తల గీరుకున్నాడు. ఆ ఆఫీసులో ఎవరు ఏ కాగితం ఇచ్చినా అర్జీ కిందే లెక్క. స్టాంపు కొట్టి, తగు చర్య తీసుకోవాలని రాసి, సాయంత్రానికల్లా పై ఆఫీసుకు పంపేస్తారు. సలహా కోసం వచ్చే కాగితమంటూ ఒకటుంటుందని వాళ్ళు పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"గా కాపీ పోయిన వారమే విద్యాశాఖకు పంపించినమమ్మా," అన్నాడు.

ఇరవై మందైనా రాని బడిని మెయిన్ రోడ్డు అవతలి బడిలో కలిపేస్తారని శ్రీపతి గారు అన్నారు. ఆ రోడ్డు దాటాలంటే పెద్దవాళ్ళకే ప్రాణాలు అరచేతిలో ఉంటాయి, ఇక ఆరేళ్ళ పిల్లలెలా దాటుతారు? ఆయన ఎవరికో ఫోన్ కలుపుతుండగా స్టెఫీ ఫోన్ మోగింది. బెత్సీ చేసింది.

ఇప్పుడే ఆఫీసర్లు బడికొచ్చి తలలు లెక్కపెట్టుకుపోయారట. పద్నాలుగు తేలాయట. గోడమీది క్యాలెండర్ చూడాల్సిన పని కూడా లేదు. ఇవాళ కూడా స్టెఫీకి క్లాసుల్లేవు.

"వాళ్ళ చేతుల నీ కాగితాలే ఉన్నయి బిడ్డా," అంటోంది తల్లి, గొంతు నిండా సంతోషంతో. "మీద నీ పేరు జూసిన. మా బిడ్డనే రాసిందని అందరికీ చెప్పిన. ఇంకో టీచరు ఎప్పుడొస్తది?"