ఏసీలో ఇరుక్కున్న మాట

తెల్లారగానే మట్టిపొయ్యిలో రొట్టెలు కాల్చాలి. అమ్మకి ఒళ్లు తుడిచి జడ వెయ్యాలి. అన్నయ్య చొక్కా ఇస్త్రీ చెయ్యాలి. ఆ తర్వాత కుర్చీ ఎక్కి ఏసీ జాలీ ఊడదీసి కడగాలి. వేసవి వచ్చిందంటే రస్మియాకి రోజూ ఇదే వరస. బస్రా ఊరి దుమ్ము అలాంటిది మరి, తలుపులు ఎంత బిగించినా ఎక్కడో ఒకచోట దూరుతుంది.

జాలీ కడిగేటప్పుడు పక్కన ఎవరూ ఉండకూడదని ఆ వీధి ఆడవాళ్లకి ఒక పట్టింపు. ఏసీ బయటి గాలి తీసుకోదు కదా. గదిలో ఉన్న గాలినే పీల్చి, చల్లబరిచి, మళ్లీ ఆ గదిలోకే వదులుతుంది. చలికాలంలో వెచ్చబెట్టి వదులుతుంది, అంతే తేడా. అలా తిప్పుతూ తిప్పుతూ, గదిలో ఎవరైనా గొంతుదాకా తెచ్చుకుని మింగేసిన మాట ఉంటే దాన్ని కూడా లాగేసుకుంటుంది. దుమ్ముతో పాటు ఆ మాటా జాలీకి అంటుకుంటుంది. కొళాయి కింద పెడితే దుమ్ము నల్లగా కారిపోతుంది, మాట పైకి వినబడుతుంది, ఎవరిది వాళ్ల గొంతుతోనే. అందుకని అత్తాకోడళ్లున్న ఇళ్లలో ఎవరి గది జాలీ వాళ్లే కడుక్కుంటారు.

రస్మియా ఇంట్లో ఉన్నది ముగ్గురే, ఏసీ ఉన్నదీ అమ్మ మంచం ఉన్న ముందుగదిలోనే గనక పెద్ద గొడవేమీ లేదు. అమ్మ మాటలు ఎక్కువగా తిండి గురించే ఉంటాయి, పులుసులో ఉప్పు పడలేదనో, ఈ పూట చేప ఎందుకు వండలేదనో. అన్నయ్య దాఖిల్ రేవులో గుమాస్తా. కూతురు పెళ్లయి బాగ్దాదు వెళ్లిపోయింది, భార్య అంతకుముందే పోయింది. ఒకరోజు జాలీ కడుగుతుంటే నీళ్లలోంచి అతని గొంతు, "అది ఉంటే ఎంత బావుండేదో" అంది. ఆ రోజు రస్మియా వదిన చేసే పద్ధతిలోనే చేప కాల్చిపెట్టింది. దాఖిల్ తలొంచుకుని తిన్నాడు. ఎందుకు చేశావని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

సర్కారు కరెంటు పోగానే వీధి మూలనున్న జనరేటరు అందుకుంటుంది. దాన్ని నడిపేది సాదూన్. వోల్టేజి తగ్గితే సాదూన్‌నే తిడతారు, పెరిగితే సాదూన్‌నే తిడతారు, ధర పెంచుతాడేమోనని ముందే కొంత తిట్టి ఉంచుకుంటారు. పాపం, భార్య పోయి, పిల్లల్లేక, ఆ ఇంజను హోరులో ఒక్కడే ఉంటాడు. రస్మియా రోజూ మధ్యాహ్నం అతనికి రెండు వేడి రొట్టెలు గుడ్డలో చుట్టి ఇచ్చి వస్తుంది. అతను కరెంటు మార్చేటప్పుడు అందరికన్నా ముందు వాళ్లింటి లైను కలుపుతాడు. ముసలావిడ ఉన్న ఇల్లు కదా, అంటాడు ఎవరైనా అడిగితే. ఆ వీధిలో ముసలివాళ్లున్న ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి, అది వేరే సంగతి.

పోయిన చలికాలం ఒక సాయంత్రం సాదూన్ వాళ్లింటికి వచ్చాడు. మడత నలగని తెల్ల దుస్తులు, గోళ్లలో నూనె మరక కూడా లేకుండా తోముకున్న చేతులు, గదంతా అత్తరు వాసన. దాఖిల్ ఎదురెళ్లి కూర్చోబెట్టాడు. రస్మియా ఎండు నిమ్మకాయ టీ కాచి అన్నయ్య చేతికిచ్చి పరదా వెనక నిలబడింది. సాదూన్ గ్లాసు అందుకుని, తాగకుండా కింద పెట్టాడు. అలా పెడితే ఏదో అడగడానికి వచ్చాడని అర్థం. ఇంటాయన సరే అంటేనే ఆ టీ తాగుతారు. కాదంటే గ్లాసు అక్కడే వదిలి లేచిపోతారు, జన్మలో మళ్లీ ఆ ఊసెత్తరు.

సాదూన్ గొంతు సవరించుకునేలోపే దాఖిల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వెందుకొచ్చావో నాకు తెలుసులే సాదూన్. వీధంతా అదే చెప్పుకుంటోంది. అది జరిగే పని కాదు. నువ్వు నోరు తెరిచి అడగడం, నేను కాదనడం, ఇద్దరికీ చిన్నతనం ఎందుకు చెప్పు?"

సాదూన్ తెరిచిన నోరు మూసి, అడగాల్సింది మింగేశాడు. ముఖం ఎర్రబడింది. సలాం చెప్పి, టీ ముట్టుకోకుండానే వెళ్లిపోయాడు. దాఖిల్ మీసం దువ్వుకుంటూ, చూశావా, కరెంటు ధర పెంచుతానని అడగడానికి వచ్చాడు, అడగనిచ్చానా, అని చెల్లెలితో గొప్పలు పోయాడు.

కరెంటు ధర అడగడానికి ఎవడైనా అత్తరు పూసుకొస్తాడా? ఆ మాట రస్మియా నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే ఇంకో మాట కూడా వచ్చింది. నలభై దాటిన ఆడది అన్నయ్య ముందు ఎలా అంటుంది? ఒకవేళ అతను నిజంగా ధర కోసమే వచ్చి ఉంటే? రెండూ మింగేసింది. చల్లారిన టీ తీసుకెళ్లి పారబోస్తుంటే ఎందుకో ఏడుపొచ్చింది. ఆ రాత్రే ఏసీ మీద నారింజ లైటు మొదటిసారి మిణుకుమంది.

నారింజ లైటు అంటే జాలీ నిండిందని. కడిగింది. లైటు పోలేదు. వేసవి ముదిరాక గాలి కూడా తగ్గిపోయింది. రిమోటు బ్యాటరీలు మార్చింది. మెయిన్ ఆపి కాసేపాగి వేసింది. మిద్దెక్కి బయటి పెట్టెకి పట్టిన ఖర్జూరపు పీచు అంతా దులిపింది. నీళ్లు పోయే గొట్టంలో ఊది చూసింది. లైటు మాత్రం మిణుకుమిణుకుమంటూ ఆమెనే చూస్తున్నట్టుండేది. మెకానిక్కు వచ్చి గ్యాసు చూసి, గ్యాసు నిండుగా ఉంది, ఏదో పెద్ద మాట జాలీ దాటి లోపలి కాయిల్లో ఇరుక్కుంది, విప్పి కడగాలి, ఎండలు తగ్గేదాకా నాకు తీరిక లేదు అని చక్కా పోయాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం రొట్టెలు ఇవ్వబోతే సాదూన్ గుడ్డ అందుకోలేదు. ఆమె వైపు చూడకుండా, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. జనరేటరు వేరే వాళ్లకి అప్పజెబుతున్నాడట. అమారాలో అక్క దగ్గరికి వెళ్లిపోతున్నాడట. శుక్రవారం ప్రయాణం.

"రేపట్నుంచి రొట్టెలు తేకండి. అలవాటు తప్పించుకోవాలి కదా," అన్నాడు.

రస్మియా ఆ రొట్టెలు ఇంటికి తెచ్చి, వాటిని ఎదురుగా పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. అతను వెళ్లిపోతే ఆమె జీవితంలో ఏం మారుతుంది? బయటికి చూస్తే ఏమీ మారదు. మధ్యాహ్నం రెండు రొట్టెలు తక్కువ కాల్చుకోవాలి, అంతే. ఆ అంతే అన్న మాటే ఆమెకి భరించలేనంత బరువుగా తోచింది.

గురువారం మధ్యాహ్నానికి నారింజ లైటు పోయి ఎర్ర లైటు వెలిగింది. గాలి పూర్తిగా ఆగిపోయింది. అమ్మ ముఖం వాడిపోయింది, ఊపిరి ఆయాసంగా తీస్తోంది. రస్మియా తడిగుడ్డ ఆమె నుదుటి మీద వేసి, రేవు నుంచి వచ్చిన అన్నయ్యని బట్టలైనా మార్చుకోనివ్వకుండా బల్ల ఎక్కించింది. ఇద్దరూ కలిసి మెయిన్ ఆపి, మూత విప్పి, కింద ప్లాస్టిక్ పట్టా కట్టారు. దాఖిల్ పట్టా అంచులు పట్టుకున్నాడు. రస్మియా మొక్కల పిచికారీతో కాయిల్ మీద నీళ్లు కొట్టింది.

మొదట బురద కారింది. తర్వాత అత్తరు వాసన వచ్చింది. దాని వెంటే సాదూన్ గొంతు, కొంచెం వణుకుతూ.

"దాఖిల్ అన్నా, సంబంధం అడగడానికి పంపేందుకు ఈ ఊళ్లో నాకు ఆడదిక్కు లేక నేనే వచ్చాను. రస్మియాని అడగడానికి వచ్చాను. ఆవిడ అమ్మని వదిలి ఉండలేదని నాకు తెలుసు. నా ఇల్లు ఈ మూలేగా, పగలంతా ఇక్కడే ఉండొచ్చు. రాత్రికి అమ్మని కూడా మా ఇంటికే తెచ్చుకుంటానన్నా నాకు సంతోషమే."

రస్మియా పిచికారీ ఆపడం మర్చిపోయింది. ఇంకాస్త నీళ్లు పడ్డాయి. ఈసారి వినబడింది ఆమె గొంతే, పరదా వెనక నుంచి వచ్చినంత సన్నగా.

"నాకిష్టమే."

ఆమె రెండు చేతులతో ముఖం కప్పేసుకుంది. దాఖిల్ పట్టా వదిలేశాడు, మురికి నీళ్లన్నీ అతని రేవు బూట్ల మీద పడ్డాయి. బల్ల మీదే నిలబడి, నేను ధర అనుకున్నానే, ధర అనుకున్నానే, అని తనలో తనే గొణుక్కున్నాడు. మంచం మీంచి అమ్మ కళ్లు తెరవకుండానే అంది.

"నేను పెంచిన గాడిదా, వాడు అత్తరు పూసుకొచ్చాడురా."

దాఖిల్ బల్ల దిగాడు. చెల్లెలి తల మీద చెయ్యి వేసి, తడిసిన బూట్లతోనే బయటికి నడిచాడు.

రస్మియా మిద్దె మీదికి పరిగెత్తింది. అక్కణ్ణుంచి వీధి మూల బాగా కనబడుతుంది. జనరేటరు షెడ్డు ముందు పెట్టెలు కట్టి ఉన్నాయి. సాదూన్ మర్యాద తప్పకుండా అన్నయ్యకి స్టూలు వేశాడు, టీ తెచ్చి ఇచ్చాడు. దాఖిల్ ఆ గ్లాసు అందుకుని, తాగకుండా నేల మీద పెట్టాడు. మిద్దె పిట్టగోడ పట్టుకుని రస్మియా ముందుకి వంగింది. దాఖిల్ చేతులూపుతూ చెబుతున్నాడు. ఇంజను హోరులో ఒక్క ముక్క కూడా వినబడటం లేదు, ఆమెకీ వినబడలేదు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్న సాదూన్‌కీ వినబడలేదు. సాదూన్ లేచి వెళ్లి జనరేటరు ఆపేశాడు.

మండుటెండలో వీధి మొత్తానికి కరెంటు పోయింది. కిటికీలు తెరుచుకున్నాయి, తిట్లు మొదలయ్యాయి. అంతలో దాఖిల్, ఇంజను ఆగిందన్న ధ్యాస లేక, ఇంకా అదే అరుపుతో అంటున్నాడు.

"నాది పొరపాటయ్యా, కరెంటు ధర అనుకున్నాను! ఆ రోజు నువ్వు అడగాలనుకున్నది ఇప్పుడు నేనే నిన్ను అడుగుతున్నాను. ఉండిపో. మా రస్మియాకి ఇష్టమేనట."

తిట్లు టక్కున ఆగిపోయాయి. వీధి వీధంతా కిటికీల్లో నిలబడి చెమటలు కారుతున్నా కదలకుండా చూస్తోంది. సాదూన్ తలెత్తి మిద్దె వైపు చూశాడు. రస్మియా దాక్కుందామనుకుంది, కానీ పిట్టగోడ వదల్లేదు. తల ఊపింది. అతను వంగి నేల మీది గ్లాసు తీసి రెండు చేతులతో దాఖిల్‌కి అందించాడు.

"టీ తాగండి అన్నా, చల్లారిపోతోంది."

దాఖిల్ ఒక్క గుక్కలో తాగేశాడు. నాలుక కాలిందేమో, కళ్లనీళ్లు వచ్చాయి. సాదూన్ వెళ్లి జనరేటరు వేశాడు. ఎప్పట్లాగే అందరికన్నా ముందు వాళ్లింటి లైను కలిపాడు, ఆ పూట ఎవరూ ఏమీ అనలేదు.

రస్మియా కిందికి వచ్చి, ఆరిన కాయిల్‌కి మూత బిగించి మెయిన్ వేసింది. పచ్చ లైటు వెలిగింది. చల్లగాలి అమ్మ నెరిసిన జుట్టుని కదిలించింది. అమ్మ హాయిగా నిట్టూర్చి, చేప వండే రోజు ఇదే కదా అని పైకే అడిగింది.

మర్నాడు శుక్రవారం పొద్దున రస్మియా రొట్టెలు కాల్చి, జాలీ ఊడదీసి కొళాయి కింద పెట్టింది. చుట్టూ ఎవరైనా ఉన్నారేమోనని చూసుకోలేదు. చెవి ఒగ్గి వింది. దుమ్ము కారిపోయింది. నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.