పొట్టిచెయ్యి గౌను

టేపమ్మకు ఆ పేరు పెట్టింది ఆమె ఆడపడుచే. పెళ్ళయి వచ్చిన మూడో రోజునే కొలతల టేపు మెడలో వేసుకుని కుట్టుమిషను ముందు కూర్చుంది కాబట్టి, ఈ పిల్లకు వేరే గొలుసు చేయించనక్కర్లేదని ఎగతాళి చేసింది. ఎగతాళి ఆ ఒక్క పూటదే. పేరు మాత్రం ఇరవై రెండేళ్ళుగా అతుక్కుని ఉంది. చివరికి దుకాణం బోర్డు మీద కూడా అదే రాయించుకుంది మహాతల్లి.

ఆ ఆడపడుచు సంగతి కూడా చెప్పుకోవాలి. బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు, బడినే చేసుకుందని తమ్ముడు అంటూ ఉంటాడు, ఆమె వినకుండా. ఆ కంటికి తప్పు తప్ప ఇంకేదీ ఆనదు. ఎవరైనా పెళ్ళి పత్రిక చేతికిస్తే ముందు అచ్చుతప్పులు దిద్ది, ఆ తర్వాతే తేదీ ఎప్పుడో చూస్తుంది. ఉండేది పక్క వీధిలోనే అయినా పగలంతా ఈ ఇంట్లోనే ఉంటుంది.

ఇంటిల్లిపాదికీ క్రిస్మస్ బట్టలు కుట్టేది టేపమ్మే. ఇరవై మూడో తారీఖు సాయంత్రం అందరూ వేసుకుని చూసుకుంటారు. వదినగారు అద్దం ముందు నిలబడిందంటే ఇక మొదలు. ఓ ఏడు మెడ దిగిందంటుంది, ఓ ఏడు నడుము బిగిసిందంటుంది, ఓ ఏడు గుండీలు తనను చూసి నవ్వుతున్నాయంటుంది. టేపమ్మ ఊరుకునే రకమా? నడుము నేను పెంచలేదు వదినా, మీరే పెంచుకున్నారు అంటుంది. అక్కడి నుంచి మాటకు మాట, ఇల్లు ఎగిరిపోతుంది. ఓ అరగంటయ్యాక ఇద్దరూ దాహమేసి ఆగుతారు. అప్పుడు టేపమ్మ మొగుడు స్టూలు ఎక్కి గుమ్మానికి నక్షత్రం కడతాడు. ఆ ఇంట్లో గొడవ కాకుండా నక్షత్రం కట్టిన ఏడాది లేదు.

ఈసారి డిసెంబరు రెండో వారంలో, తన గౌనుకు తానే కొలత తీసుకుంటుంటే ఎడమ రొమ్ము పక్కన బఠాణీ గింజంత గడ్డ టేపమ్మ వేలికి తగిలింది. నాలుగు రోజులు అద్దంలో చూసుకుని, వేలితో తడుముకుని, లేదులే అనుకుని, మళ్ళీ తడుముకుని, ఐదో రోజున మొగుణ్ణి వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. అన్ని గడ్డలూ చెడ్డవి కావు, భయపడొద్దు అంది. భయపడకుండా ఉండడం ఎలాగో మాత్రం చీటీ మీద రాసివ్వలేదు. పండగ సెలవులు అడ్డొచ్చాయని, ఫలితం ఇరవై ఏడున చెబుతామన్నారు.

పండగ పూట ఇంట్లో ఎవరికీ తెలియనివ్వనని మొగుడి చేత ఒట్టు వేయించుకుంది. ఆయన బస్సు డ్రైవరు. అరవై మందిని క్షేమంగా దింపుతాడు గానీ, ఒక్క మాటను కడుపులో పెట్టుకుని రెండు స్టాపులు దాటలేడు. ఆ సంగతి తెలిసీ ఒట్టు వేయించుకుందంటే అది టేపమ్మ ఖర్మ.

ఇరవై మూడు రానే వచ్చింది. వదినగారికి ముదురు నీలం గౌను కుట్టింది టేపమ్మ, పొడుగు చేతులు, తెల్లని కాలరు. వదిన వేసుకుని అద్దం ముందు నిలబడింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. డ్రైవరు అప్పటికే స్టూలు ఎక్కి నక్షత్రం పట్టుకుని కాచుకుని ఉన్నాడు. టేపమ్మ కూతురు తలుపు దగ్గర నిలబడింది. అత్తగారు కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"బాగుంది అమ్మాయ్," అంది వదిన. "వంక పెట్టడానికి లేదు."

డ్రైవరు మెల్లగా స్టూలు దిగి, నక్షత్రాన్ని తిరిగి పెట్టెలో పెట్టేశాడు.

ఈవిడకు తెలిసిపోయింది అనుకుంది టేపమ్మ. కాదులే, వయసు మీద పడి మెత్తబడిందేమో అని మళ్ళీ తనే సర్దిచెప్పుకుంది. వదిన మెత్తబడడమా, ఆ మాట తనకే నమ్మబుద్ధి కాలేదు. మర్నాడు పొద్దున దుకాణంలో మిషను ముందు కూర్చుంటే ఇదే ఆలోచన. సందేహం ఉన్నప్పుడు ఏ టైలరైనా చేసే పనే చేసింది, కొలిచి చూద్దామనుకుంది. ఇస్త్రీ సరిగా పడలేదని చెప్పి వదిన గౌను వెనక్కి తెప్పించింది. ఎడమ చేతిని రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టేసింది. కత్తెర పెట్టలేదు. ఎంత పరీక్షైనా మంచి గుడ్డను పాడుచేయడానికి మనసొప్పలేదు. తెలియకపోతే ఈ చెయ్యి చూసి వదిన ఇల్లు పీకి పందిరి వేస్తుంది, తెలిస్తే నోరు మూసుకుంటుంది. లెక్క తేలిపోతుంది అనుకుంది.

సాయంత్రం గౌను పంపింది. అద్భుతంగా ఉందని కబురొచ్చింది. అద్భుతం అన్న మాట ఆ నోట్లో పుట్టగా ఎవరూ వినలేదు.

క్రిస్మస్ పొద్దున వదిన ఆ గౌను వేసుకునే చర్చికి వచ్చింది. కుడి చెయ్యి మణికట్టు దాకా ఉంది, ఎడమ చెయ్యి దానికి రెండంగుళాలు పైనే ఆగిపోయింది. పాటల పుస్తకం ఎత్తి పట్టుకున్నప్పుడల్లా లోకమంతటికీ కనిపిస్తోంది. పాటలు పాడేవాళ్ళలో ఒకామె ఉండబట్టలేక అడిగేసింది, ఏంటండీ ఆ చెయ్యి అని. వదిన ఆమెను కింది నుంచి పైకి చూసి, ఇప్పుడిదే ఫ్యాషను అంది. కొత్తదేదైనా పాడైపోయిందనే తప్ప బాగుందని ఎన్నడూ అనని మనిషి, నలుగురిలో నిలబడి ఫ్యాషన్ అంది.

పక్కన నిలబడిన టేపమ్మకు పాట నోట్లోనే ఆగిపోయింది. వదినకు తెలుసు, సరే. కానీ ఇంత ఓర్పు ఉత్త గడ్డకు రాదు. అంటే డాక్టరమ్మ చాటుగా తన మొగుడికి ఇంకేదో చెప్పింది. ఆయన అక్కకు చెప్పాడు. తను పోతానని అందరికీ తెలుసు, తనకొక్కదానికే తెలియదు. ఫాదరుగారు ఏం చెప్పారో ఆమె చెవిన పడలేదు. వచ్చే ఏడు ఈ గౌన్లు ఎవరు కుడతారా అన్న ఒక్కటే తలలో తిరిగింది.

ఇంటికొచ్చాక ఇంకా ఘోరం. ప్లేట్లు కడగమంటే పరీక్షలున్నాయనే కూతురు అడక్కుండానే గిన్నెలన్నీ తోమేసింది. డ్రైవరు ముందు ఆమెకే వడ్డించాడు, అదీ కోడి కాలు. అన్నిటికంటే పైన, అత్తగారు. ఆమెకో మెత్తటి కుర్చీ ఉంది. అందులో వేరొకరు కూర్చోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. ఓసారి కూర్చున్న పిల్లిని వారం రోజులు గడప తొక్కనివ్వలేదు. ఆ అత్తగారు లేచి నిలబడి, కుర్చీ దులిపి, రా తల్లీ ఇందులో కూర్చో అంది.

టేపమ్మ కూర్చుంది. కుర్చీ నిజంగానే మెత్తగా ఉంది. అందరూ చిరునవ్వుతో తననే చూస్తున్నారు. చచ్చినవాళ్ళను కూడా ఇంత ముద్దుగా చూడరనిపించింది. చెంచా కింద పెట్టేసింది.

"ఏవండీ," అంది. "డాక్టరమ్మ మీకు ఏం చెప్పిందో ఇప్పుడే, ఇక్కడే చెప్పండి."

డ్రైవరుకు పొలమారింది. నీళ్ళు తాగి, నీకు చెప్పిందే నాకూ చెప్పింది, అంతకుమించి ఒక్క ముక్క లేదని ప్రమాణం చేశాడు. టేపమ్మ నమ్మలేదు. అప్పుడు ఒక్కొక్కటే బయటపడింది. డ్రైవరు అక్కకు చెప్పాడు, ఎవరికీ చెప్పొద్దని. అక్క తల్లికి చెప్పింది, ప్రార్థన చేస్తుంది కదా అని. తల్లి మనవరాలికి చెప్పింది, అమ్మకు పనిలో సాయం చెయ్యమని. మనవరాలు మాత్రం గుట్టు కాపాడింది, చెప్పడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు కాబట్టి.

టేపమ్మకు కోపమూ వచ్చింది, ఊపిరీ వచ్చింది. వదిన వైపు తిరిగింది.

"మరి మీరెందుకు తిట్టలేదు వదినా? ఒక చెయ్యి పొట్టిగా ఉంటే కనపడలేదా?"

"కనపడకేం," అంది వదిన. అన్నం వైపు చూస్తూ అంది, ఆ తర్వాత తలెత్తింది. "ఈ ఏటి తిట్లు మూడు నవంబరు నుంచే సిద్ధం చేసుకున్నాను. మింగేశాను. ఆ చెయ్యి స్కేలు పెట్టి కొలిచాను. రెండంగుళాలు. ఇరవై రెండేళ్ళలో నీ కుట్టు నూలుపోగంత తప్పలేదు. నీ చెయ్యి పట్టు తప్పిందనుకున్నాను. జబ్బు అంతదాకా వచ్చిందేమో అనుకున్నాను. గౌను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను, తెలుసా నీకు?"

టేపమ్మ అన్నీ విన్నది గానీ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది.

"నూలుపోగంత తప్పలేదా? మరి ఇన్నేళ్ళూ ఎందుకు తిట్టారు?"

"తిట్టకపోతే నీతో ఏం మాట్లాడను?" అంది వదిన. "నాకు వేరే మాటలు వచ్చా? నీకు తెలియదూ?"

అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. టేపమ్మ వదిన చేతిమీద చెయ్యి వేసి, ఇంక దాచడం ఎందుకని అసలు విషయం చెప్పేసింది. చెయ్యి పట్టు తప్పలేదు, మీకు తెలుసో లేదో కనిపెట్టడానికి కావాలనే మడిచి కుట్టాను అంది.

వదిన ఆ చేతిని ఇంత దూరం తోసేసింది. లేచి నిలబడింది. నాకే పరీక్ష పెడతావా, ముప్పై ఏళ్ళు పరీక్షలు పెట్టిన మనిషిని నేను అంది. ఊరందరి ముందు ఒక చెయ్యి ఎత్తుకుని నిలబెడతావా, దాన్ని ఫ్యాషన్ అని నా నోటితోనే అనిపిస్తావా అంది. టేపమ్మ కుర్చీలోంచి లేచి, నా రోగం గురించి నాకు తెలియకుండా ఇంటిల్లిపాదీ చెప్పుకుంటారా అంది. కాలరు ఇస్త్రీ దగ్గర మొదలై, ఇరవై రెండేళ్ళ కిందటి గుండీల దాకా వెళ్ళారు. కుర్చీ ఖాళీ కావడం చూసి అత్తగారు మెల్లగా అందులో కూర్చుంది. కూతురు పరీక్షలు గుర్తొచ్చి గదిలోకి పోయింది. మధ్యాహ్నం ఒంటిగంటకు, మండుటెండలో, డ్రైవరు స్టూలు తెచ్చుకుని గుమ్మానికి నక్షత్రం కట్టాడు.

ఇరవై ఏడున ఆసుపత్రికి మొగుడితో వెళదామనుకుంది టేపమ్మ. గుమ్మం దాటేసరికి వదిన ఆ నీలం గౌనులోనే సిద్ధంగా నిలబడి ఉంది. నువ్వు డ్యూటీకి పో, నీకు అడగడం చేతకాదు అని తమ్ముణ్ణి పంపేసింది.

వరండాలో బల్లమీద కూర్చున్నారు. పిలవాల్సినవాళ్ళు ఇంకా ఏడుగురున్నారు. టేపమ్మకు చేతులు వణకడం మొదలైంది. వాటిని ఏం చేసుకోవాలో తెలియలేదు. సంచిలో చిన్న కత్తెర, సూది, నీలం దారం ఎప్పుడూ ఉంటాయి. చెయ్యి ఇలా ఇవ్వండి వదినా అంది. వదిన ఎడమ చెయ్యి చాపింది. మడతలో కుట్టు ఒక్కొక్కటే విప్పి, అంచు మళ్ళీ కుడుతుంటే వణుకు తగ్గింది. వదిన మాత్రం, కుట్టు దూరంగా పడుతోంది, దారం రంగు కలవలేదు, చర్మంతో కలిపి కుడతావేమో అని ఆపకుండా అంటూనే ఉంది. ఆ గొంతులోని వణుకు టేపమ్మ వింది, కానీ పైకి అనలేదు.

సగం కుట్టాక పిలిచారు. వదిన చేతికి సూది వేలాడుతుండగానే ఇద్దరూ లోపలికి వెళ్ళారు.

అది ఉత్త కొవ్వు గడ్డేనని డాక్టరమ్మ చెప్పింది. ప్రమాదం లేదు, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకుంటే చాలంది. వదిన కాగితం తన చేతిలోకి తీసుకుంది. పేరు సరిచూసింది, వయసు సరిచూసింది, తేదీ సరిచూసింది. ఒక చోట అక్షరం తప్పుందని చూపించింది. ఆ తప్పుకీ ఫలితానికీ సంబంధం లేదని డాక్టరమ్మ చేత రెండుసార్లు చెప్పించుకుంది. కాగితం మడిచి టేపమ్మకు ఇచ్చింది. వరండాలోకి వచ్చి బల్లమీద కూలబడి భోరుమని ఏడ్చింది. పక్కన కూర్చున్న పేషెంట్లు ఆమెకే జబ్బనుకుని ధైర్యం చెప్పారు. ఒకాయన నీళ్ళ సీసా ఇచ్చాడు. టేపమ్మ నవ్వుతూ, ఏడుస్తూ, కన్నీళ్ళు తుడుచుకుంటూ మిగతా చెయ్యి కుట్టేసి దారం పంటితో తెంపింది.

వదిన ముక్కు తుడుచుకుని, లేచి, రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంది.

"ఇప్పుడు ఇది పొడుగైంది."

టేపమ్మ మెడలోంచి టేపు తీసింది. కుడి చెయ్యి కొలిచింది, ఇరవై ఒకటి. ఎడమ చెయ్యి కొలిచింది, ఇరవై ఒకటి. అంకె వదిన కళ్ళ ముందు పెట్టింది.

"టేపు సాగిపోయింది," అంది వదిన. "ఇరవై రెండేళ్ళ నాటిది మరి. కొత్తది కొనుక్కో. ఇంకా చాలా ఏళ్ళు కుట్టాలి నువ్వు."

ఈ టేపుకేం రోగం వదినా అంటూ టేపమ్మ అందుకుంది. బస్సు స్టాపు దాకా ఇద్దరూ అదే గొడవ. బస్సు వచ్చి ఆగింది. నడుపుతున్నది డ్రైవరే. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తలుపు తీసిన మనిషికి, ఇద్దరూ పోట్లాడుకుంటూ మెట్లెక్కడం కనిపించింది. ఇంక ఆయన ఏమీ అడగలేదు.