గంజిగుడ్డల గది

ముసలివాడు ఎంత భయస్థుడైతే అంత జాగ్రత్తపరుడని, జాగ్రత్త ఉన్న ఇంటికి రోగం రాదని సూరత్ శివారున తెలుగు నేతగాళ్లుండే డిండోలి మగ్గాల వాడలో అందరూ నమ్మేవారు. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు బయటపడగానే, అరవై ఏడేళ్ల బక్కయ్య ఆ నమ్మకాన్ని అందరికంటే నిష్ఠగా ఆచరణలో పెట్టాడు.

జీవితమంతా మగ్గం పడుగు దారాలకు గంజి పట్టించిన చేతులు ఆయనవి. రేడియోలో వార్త విన్ననాడే, మిల్లు నుంచి తెచ్చిన గుడ్డముక్కలను చింతగింజల గంజిలో నానబెట్టి కిటికీ సందుల్లో, తలుపు కింద, పైకప్పు రేకుల అంచున కూరాడు. ఆరాక అవి చెక్కల్లా బిగుసుకున్నాయి. వేలితో కొట్టి చూసుకుని తృప్తిపడ్డాడు. ఇక గడప దాటలేదు. మూత్రానికి మూలన బకెట్ పెట్టాడు.

భార్య కనకవ్వకు ఆయాసం. ఐదో రోజుకు ఆ గదిలో పులిసిన గంజి, రోగం రాకుండా ఆయన వేసే వేపపొగ, బకెట్ కంపు కలిసి ఆమె గొంతులో అడ్డం పడ్డాయి. వీటికి తోడు, ఆయన గంటకోసారి గిన్నెలో కళ్లె ఉమ్మి, రంగు ఎలా ఉందోనని వెలుగుకు పట్టి చూసేవాడు. ఆమెకు అన్నం చూస్తే వాంతి వచ్చేది. మొగుడి మొహం చూసినా అంతే.

"జర కిటికీ తియ్యయ్యా. ఊపిరాడ్తలేదు. ప్లేగు కంటే ముందు నీ బకెట్టే నన్ను సంపేటట్టుంది."

"గాలిలనే వస్తదట. నోర్మూసుకొని పండు."

పక్కగది సోమలింగం తన వాకిలి ఊడుస్తూ కేకేశాడు. "బక్కన్నా, లోపట్నే సమాధి కట్టుకుంటున్నవా ఏంది? వదిన్నన్న బయటికి తోలు."

"నీ తలుపులు బార్లా పెట్టుకొని నువ్వు సావు" అని బక్కయ్య లోపలి నుంచే బదులిచ్చాడు.

మధ్యాహ్నానికి ఆమెకు రొప్పు ఎక్కింది, పెదవులు నల్లబడ్డాయి. అడ్డొచ్చిన మొగుణ్ని పక్కకు నెట్టి, కిటికీ గుడ్డను పట్టి లాగింది. బిగుసుకుని ఉండవలసిన గుడ్డ మెత్తగా, తడిగా ఊడి వచ్చింది. లోపలివైపంతా కొరికేసి ఉంది. అందులోంచి కళ్లు తెరవని ఎలుకపిల్లలు, ఎర్రటి మాంసపు ముద్దల్లా, ఆమె పాదాల మీద రాలాయి. తల్లి ఎలుక బక్కయ్య ధోవతి మీదుగా అన్నం గిన్నెలోకి దూకింది.

సాయంత్రం మునిసిపాలిటీ మనుషులు వచ్చి గుడ్డలన్నీ పీకి మందు చల్లారు. గంజి తినడానికి వచ్చిన ఎలుకలు మరో రెండుచోట్ల గూళ్లు పెట్టి ఉన్నాయి. సోమలింగం గదిలో ఒక్కటీ దొరకలేదు. ఆ రాత్రి నుంచి కనకవ్వ ఆ గదిలోనే పడుకోసాగింది.