వెనక డబ్బాలో నూనె

మార్చి పదకొండు, శనివారం. ఆ పొద్దున నేనూ మా అమ్మాయీ వంటింట్లో నిలబడే చెరో రెండు ఉడకబెట్టిన గుడ్లు, కాల్చిన రొట్టె తిన్నాం. కూర్చుందామంటే కుర్చీలు ఖాళీ లేవు. ఒకదాంట్లో ఇరుసులు, ఇంకోదాంట్లో దుప్పట్లో చుట్టిన కొత్త డిఫరెన్షియల్, అంటే ఇంజను బలాన్ని రెండు వెనక చక్రాలకీ పంచే గేర్ల డబ్బా.

"నాన్నా, అది ఇనుము. దానికి చలెయ్యదు," అంది మా అమ్మాయి. రాత్రి దుప్పటి కప్పింది నేనే.

కారు మా ఆవిడది. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, వెనక చక్రాల బలంతో ఉరికే స్పోర్ట్స్ కారు. పెళ్లికి ముందే తన జీతంతో కొనుక్కుంది. తను పోయి రెండేళ్లు. జబ్బు చేసి, నా చెయ్యి పట్టుకునే పోయింది. ఆ వేళకి నేను పక్కనే ఉండగలిగాను, అంతవరకు అదృష్టవంతుణ్ణే.

అప్పటినుంచి కారు అమ్మాయి నడుపుతోంది. కిందటి నెల వానలో ఒక మలుపు దగ్గర అది బొంగరంలా తిరిగి గట్టు పక్కన ఆగింది. అమ్మాయి ఒంటి మీద గీత కూడా పడలేదు. నిద్ర పట్టడం మానేసింది మాత్రం నాకు. కారు అమ్మేస్తానన్నాను. ఒకాయన చూసి, నచ్చి, ఆదివారం సాయంత్రం ఐదింటికి వచ్చి తీసుకెళతానన్నాడు.

అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, "ఒక్క అవకాశం ఇవ్వు నాన్నా. వెనక డిఫరెన్షియల్ మార్పిస్తాను. ఆదివారం నువ్వు నా పక్కన కూర్చో. అప్పటికీ కాదంటే తాళంచెవి నేనే ఆయన చేతిలో పెడతాను," అంది. ఒప్పుకున్నాను. ఒప్పుకున్నా, నా మనసులో కారు అప్పటికే అమ్ముడైపోయింది.

ఎనిమిదింటికి మా బావమరిది వచ్చాడు. మెకానిక్కు. ఐదేళ్లప్పుడు ఒక నట్టు మింగితే ఇల్లంతా మూడు రోజులు దాని రాక కోసం కాచుకుని కూర్చుందట. అక్కడినుంచి వాడి పేరు నట్టు.

"పాతదానికేం రోగంరా?" అన్నాను.

"పాతది ఎలాంటిదంటే బావా, ఎవడు ఎక్కువ గోల చేస్తే వాడికే ముద్దలు పెట్టే తల్లి. మలుపులో లోపలి చక్రం తేలికైపోయి ఊరికే గిరగిరా తిరుగుతుంది చూడు, ఇంజను బలమంతా దానికే పోస్తుంది. బుద్ధిగా నేల పట్టుకున్న రెండోదానికి మొండిచెయ్యి."

"మరి కొత్తది?"

"లిమిటెడ్ స్లిప్పు. లోపల పలకలుంటాయి. గోల చేసేదాన్ని అదిమిపట్టి, రెండోదానికీ వాటా పెడతాయి. మా అక్కలాగ అనుకో."

అక్క మాట నోట్లోంచి రాగానే వాడు తల తిప్పేసుకుని స్పానర్ కోసం వెతకడం మొదలెట్టాడు. స్పానర్ వాడి చేతిలోనే ఉంది.

మా అమ్మాయి పనిచేసేది కట్టుడుపళ్లు తయారుచేసే చోట. కింది పన్ను పై పన్నుకి ఎక్కడ ఆనుతోందో రంగు కాగితంతో చూడటం దానికి రోజూ ఉండే పనే. షెడ్డులో కారు కింద దూరి గేరు పళ్లకి పసుపు రంగు పూసి, తిప్పి, ముద్ర ఎక్కడ పడిందో లైటు వేసి చూస్తూ, "ఇంకొంచెం లోపలికి జరగాలి మావయ్యా," అంది.

"బావా, మీ డాక్టరమ్మ కారుకి పళ్ల సెట్టు పెడుతోంది!"

"నోరు ఎలాగూ తెరిచే ఉంది కదా మావయ్యా, పనిలోపని నీ కొలతలు కూడా తీసేసుకుంటాను."

ఆ షెడ్డులో నవ్వు విని చాలా రోజులైంది.

నాకు అప్పగించింది ఒకటే పని, నూనె తేవడం. "దీని నూనె వేరు బావా. పలకల డిఫరెన్షియల్‌కి అని అడుగు, వాళ్లే ఇస్తారు," అని నట్టు రెండుసార్లు చెప్పాడు. కొట్లో నిలబడ్డాక, ఎందుకైనా మంచిదని, కార్లోంచి తీసి జేబులో పెట్టుకొచ్చిన మా ఆవిడ పుస్తకం తెరిచాను. ఏ భాగానికి ఏం కావాలో అందులో రాసి పెట్టుకునేది. "వెనక డబ్బాకి ఈ నూనే. ఇంకోటి పోస్తే ఊరుకోను" అని ఉంది. ఇరవై తొమ్మిదేళ్లు ఆ 'ఊరుకోను'కి జడిసి సుఖపడ్డవాణ్ణి. పుస్తకంలో ఉన్నదే కొన్నాను. నీళ్లు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం నాది, చీటీ చదవకుండా సీసా ముట్టను. ఆ రోజు మాత్రం ఆవిడ దస్తూరీ తప్ప ఇంకేమీ చదవలేదు. వాళ్లిద్దరూ కారు కింద ఉండగా నేనే నూనెని, అది ఎక్కించే చిన్న చేతిపంపులోకి వంచి అందించాను.

ఆదివారం పొద్దున అమ్మాయి కారు బయటికి తీసింది. తిన్నగా పోతున్నంతసేపూ బాగానే ఉంది. సందు చివర నెమ్మదిగా తిప్పేసరికి వెనకనుంచి టకటకమని చప్పుడు, ఒళ్లంతా వణుకు. అటు తిప్పినా అంతే, ఇటు తిప్పినా అంతే.

నట్టు రెండు గంటలు కారు కిందే ఉన్నాడు. లేచి, చేతులు తుడుచుకుంటూ, "మళ్లీ మొత్తం విప్పి చూడాలి తల్లీ. ఇవాళ్టికి అవదు," అన్నాడు.

అమ్మాయి సరేనంది. కార్లో ఉన్న తన సామాన్లు తీసుకోవడం మొదలెట్టింది. తలకి పెట్టుకునే రబ్బరు బ్యాండు, నల్ల కళ్లద్దాలు, సగం తిన్న బిస్కెట్ పొట్లం.

చూడలేక చెత్త పారేసే వంకతో లోపలికొచ్చాను. బుట్టలో ఖాళీ నూనె డబ్బా ఉంది. అలవాటు కొద్దీ వెనక చీటీ చదివాను. 'పలకల రకం లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌లో వాడరాదు.'

డబ్బా పట్టుకుని తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను. అప్పటికి పదకొండున్నర. ఐదింటి దాకా నోరు మెదపకపోతే చాలు. కారు పోతుంది, వాన పడ్డ రాత్రుళ్లు నేను హాయిగా పడుకుంటాను. ఎవరికీ తెలియదు.

కిటికీలోంచి నట్టు గొంతు వినిపించింది. "తప్పు నాదేనే. చేతుల్లో పట్టు తగ్గింది. మీ అమ్మే ఉంటే నన్ను చంపేసుండేది."

డబ్బా తీసుకుని బయటికొచ్చాను.

"వాడి తప్పేం లేదు. నూనె నేనే వేరేది తెచ్చాను."

నట్టు చీటీ చదివాడు. "నేను చెప్పింది ఇదేనా బావా?"

"మీ అక్క పుస్తకంలో ఇదే ఉంది."

"అది పాత డిఫరెన్షియల్‌కి!"

"ఇప్పుడు తెలిసిందిరా."

వాడు పుస్తకం తెప్పించుకుని ఆ పేజీ చూశాడు. "పోయాక కూడా తన మాటే నెగ్గించుకుంది చూడు," అని పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి మోచేత్తో కళ్లు తుడుచుకుంటే మొహమంతా గ్రీజు అయింది.

అమ్మాయి నవ్వలేదు. "చెప్పకుండా ఊరుకుంటే నువ్వనుకున్నదే జరిగేది కదా నాన్నా?"

"జరిగేది."

అది నా చేతిలోంచి డబ్బా తీసుకుని, "పద, కొట్టు ఒంటిగంటకి కట్టేస్తారు," అంది.

పాత నూనె దించి, కడిగి, సరైన నూనె పోసేసరికి మూడైంది. పలకల మధ్యకి నూనె చేరాలంటే నెమ్మదిగా ఎనిమిది అంకె ఆకారంలో తిప్పాలట. ఆదివారం కూరగాయల మార్కెట్టు ఖాళీ. కడిగిన సిమెంటు నేల ఇంకా తడిగానే ఉంది. అమ్మాయి నడుపుతుంటే నేను పక్కన కూర్చున్నాను. నట్టు బోర్లించిన గంప మీద కూర్చుని చుట్లు లెక్కపెడుతున్నాడు. ఐదో చుట్టులో వణుకు ఉంది. పదో చుట్టులో ఉందా లేదా అనిపించింది. పదిహేనో చుట్టుకి వినపడ్డవల్లా తడి నేల మీద టైర్ల చప్పుడు, "ఇంకో ఐదు వెయ్యవే!" అని వాడి అరుపు.

తరవాత అమ్మాయి వేగం పెంచి కారుని తడి మలుపులోకి దింపింది. తోక కొంచెం జారింది. రెండు చేతులా సీటు పట్టుకున్నాను. అంతలోనే రెండు చక్రాలూ కలిసి నేలని తన్నినట్టయి, కారు తిన్నగా ముందుకొచ్చింది. అమ్మాయి ఆపింది.

"భయమేసిందా?"

"వేసింది."

అది స్టీరింగ్ మీద చేతులు వదిలేసింది. "సరే నాన్నా. మాటంటే మాటే."

"ఆగు. నా భయం నీ గురించి తల్లీ. నువ్వు బస్సెక్కినా వేస్తుంది. కారు అమ్మితే ఆ భయం ఎక్కడికి పోతుంది?"

అక్కడే కూర్చుని, కారు కొంటానన్నాయనకి ఫోన్ చేసి అమ్మనని చెప్పాను. మాట తప్పినందుకు నాలుగు చివాట్లు పెట్టాడు. న్యాయమే. మారు మాట్లాడకుండా తిన్నాను. ఫోన్ పెట్టేసేదాకా అమ్మాయి అద్దంలోంచి బయటికే చూస్తూ ఉంది. తరవాత నా భుజం మీద తల ఆనించింది.

ఆ రాత్రి తొందరగా పడుకున్నాను. షెడ్డు తలుపు నేలకి ఒరుసుకుంటుంది, లాగితే వీధంతా లేస్తుంది. మా అమ్మాయి దాన్ని భుజంతో కొంచెం పైకెత్తి, నేను నిద్రపోయాననుకుని, చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, గడియ మెల్లగా పెట్టింది.