నింపనివ్వని ఎర్ర డబ్బా

నన్ను ఖాళీ చేయించింది ఎవరు? సూపర్‌వైజర్ విఠల్ సార్, మీరే. గోడమీద 'లోపాలు సున్నా' అని రాయించి చప్పట్లు కొట్టిన ఆఫీసు పెద్దలారా, మీరు కూడా.

నేను ఒక ఎర్ర డబ్బాను. ఈ కుక్కర్ల కంపెనీలో పనికిరాని మూతలు వేసేది నాలోనే. పుట్టుకతో ఎర్రదాన్ని కాను. మొదట రంగుల కంపెనీలో నీలం డ్రమ్మును. తర్వాత జీడిమెట్ల బస్తీలో నీళ్లు పట్టాను. నల్లా వచ్చిన పూట నాకోసం ఆడవాళ్లు జుట్లు పట్టుకునేవారు. అంత గౌరవం మళ్లీ దక్కలేదు. పాత సామాన్ల దుకాణం నుంచి ఇక్కడికి తెచ్చి, నడుముకు కోసి, రంగు పూసి మూతల లైను చివర కూర్చోబెట్టారు.

ఇక్కడ నేనంటే అందరికీ భయం. మూతలు చూసే బాలమణి వంకర అంచున్నదాన్ని నాలో వేస్తే చాలు, విఠల్ వచ్చేవాడు.

"ఏందమ్మా, ఖరాబువన్నీ నీ చేతికే దొర్కుతయా?"

తిట్లు మూతను వంచిన ప్రెస్సు యంత్రానికి కాదు, పట్టుకున్న మనిషికి. ఇక ఎవరు వేస్తారు? నేను ఖాళీ, బోర్డు మీద సున్నా. అద్దం పగలగొట్టి మొటిమలు పోయాయని సంబరపడ్డట్టు.

కొత్తగా వచ్చిన క్వాలిటీ ఇంజనీరు షాహీన్ నా ముందు గొంతుక్కూర్చుంది. లోపల రేకులతో ఖానాలు కట్టించింది: వంకర అంచు ఒకదాంట్లో, పగులు ఒకదాంట్లో, గీత ఒకదాంట్లో.

"తిట్టుడు బంద్ చెయ్యుండ్రి సార్. ఏ ఖానా ఎప్పుడు నిండుతదో చూద్దాం."

పొంగేది వంకర అంచుల ఖానాయే. అదీ ప్రెస్సు అచ్చు మార్చిన వెంటనే. లైను ఆగితే తిట్లు పడతాయని అచ్చు కుదిరిందో లేదో చూడకుండానే నడిపేసేవారు. మొదటి మూతలు పరీక్షించాకే లైను కదలాలంది షాహీన్. ఆ ఖానా నిజంగా తగ్గింది. దాచినందుకు కాదు, లెక్క చూసినందుకు.

ఈరోజు ఆయుధపూజ. షాహీన్ వేరే ఊళ్లో మీటింగుకు వెళ్లింది. పొద్దున్నే అచ్చు మార్చి, పూజవేళ మించిపోతోందని మొదటి మూతలు పరీక్షించకుండానే లైను నడిపారు. నా వంకర అంచుల ఖానా గొంతుదాకా నిండింది. ప్రెస్సులకు బంతిపూల దండలు, విఠల్ బైకుకు గుమ్మడికాయ. నన్ను చూసి మాత్రం ఆయన మొహం చిట్లించాడు.

"పండుగపూట గీ దరిద్రం ఏంది? దులుపుండ్రి. మంచి మూతల పెట్టెలల్ల కలిపేయుండ్రి."

"సార్, గీ అంచుకు మూత నిలవది. ప్రెషరెక్కితే ఎగురుతది," అంది బాలమణి. "గీ లోడు బడిపిల్లల వంటలకు పోతది. మా వదినె గాడనే వండుతది."

"నీ నోట్ల మంచిమాటనే రాదా?"

మూతలు పెట్టెల్లోకి వెళ్లాయి. ఖాళీ అయినందుకు నాకూ బొట్టు పెట్టారు.

ఆ పెట్టెలు ఎక్కించిన లారీ ఇంకా గేటు దగ్గరే ఉంది. డ్రైవరు చక్రాల కింద నిమ్మకాయలు పెడుతున్నాడు. నిమ్మకాయ తొక్కిస్తే వంకర అంచు సాపవుతుందా? బాలమణి ఫోను పట్టుకుని నిలబడింది, షాహీన్ పేరు మీద వేలు ఆనించి.

నొక్కు బాలమణీ! వాచ్‌మన్, గేటు వెయ్యి. విఠల్ సార్, ఆ కొబ్బరికాయ పక్కన పెట్టి పెట్టెలు దించండి. ఒక్కో మూతా తీసి చూడండి. నా బొట్టు చెరిపేయండి, నన్ను నింపండి. ఇప్పుడే.