చీటీలో లేని అక్షరం

కాగితం రీములు తలకంటే ఎత్తుగా పేర్చుకుని, ముందేముందో చూడకుండా ట్రాలీ తోసెయ్యడం ప్రెస్సులో కటింగ్ మిషన్ నడిపే అన్నకు అలవాటు. ఎన్నిసార్లు చెప్పినా చెవిన పెట్టడు. ఆ రోజూ అలాగే తోశాడు. మలుపులో అచ్చుతప్పులు దిద్దిన ప్రూఫులు పట్టుకుని వస్తున్న మనిషికి ట్రాలీ ముందు కమ్మీ సరిగ్గా బొడ్డు కింద గుద్దుకుంది. ప్రెస్సులో అందరూ ప్రూఫమ్మ అని పిలిచే ఆ మనిషి గోడకు చేరగిలబడి, "ఏం కాలేదన్నా, ఏం కాలేదు" అంది. అది పచ్చి అబద్ధం. ఆమెకు రెండో నెల.

ఆ సంగతి ఆమెకూ భర్తకూ తప్ప ఎవరికీ తెలియదు. కిందటేడు ఇలాగే రెండో నెలలోనే, ఆనందం పట్టలేక, చాటింపు వేసినట్టు అందరికీ చెప్పుకున్నారు. పదో వారంలో పోయింది. ఉందని చెప్పడానికి ఒక్క పూట పట్టింది కానీ, పోయిందని చెప్పడానికి రెండు నెలలు పట్టింది. ఎదురుపడ్డవాళ్లల్లా "ఎన్నో నెల?" అనేవాళ్లు. అందుకే ఈసారి భర్త కట్టడి చేశాడు, మూడో నెల దాటేదాకా మూడో మనిషికి తెలియకూడదని. ఆమె బుర్ర ఊపింది. ఊపినందుకు ఇప్పుడు తనను తానే తిట్టుకుంటోంది.

బాత్రూమ్‌లో చిన్న ఎర్ర మరక కనబడింది. తన వేళ్లకు ఎప్పుడూ అంటుకునే సిరా అయ్యుంటుందని ఒక్క క్షణం మభ్యపెట్టుకుంది. సిరా కాదు. భర్తకు ఫోన్ చేసింది. బస్సు నడిపేవాడు మధ్యలో ఫోన్ ఎందుకు ఎత్తుతాడు? ఎత్తలేదు. మళ్లీ చేసింది. మళ్లీ ఎత్తలేదు.

ఒంట్లో బాలేదు, ఆసుపత్రికి వెళ్తానంటే, ఒంటరిగా వద్దని ఓనరు జిగురు పిన్నిని తోడిచ్చి ఆటో ఎక్కించాడు. పిన్ని బైండింగులో పుస్తకాల వీపులకు జిగురు రాస్తుంది. పేరు పని వల్ల వచ్చిందో, పట్టుకుంటే వదలని గుణం వల్ల వచ్చిందో ఎవరూ తేల్చలేదు. మంచి మనిషే. కానీ ఆమె చెవిన పొద్దున పడిన మాట సాయంత్రానికి వీధి చివర వినబడుతుంది.

ఆసుపత్రిలో చీటీలు రాసే కిటికీ వెనక గుమాస్తా తలెత్తకుండానే "ఏంటి?" అన్నాడు.

"కడుపు..." అని ప్రూఫమ్మ మొదలుపెట్టింది.

"కడుపు నొప్పి బాబూ," అని పిన్ని అందుకుంది. "పొద్దున్నుంచి ఏమీ తిన్లేదు. ట్రాలీ కూడా తగిలింది."

గుమాస్తా మొదటి ముక్క విని రెండోది వదిలేశాడు. 'కడుపు నోప్పి' అని రాసి చేతిలో పెట్టాడు.

పన్నెండేళ్లుగా ఊళ్లోవాళ్ల తప్పులన్నీ దిద్దిన మనిషి ఆ చీటీ పట్టుకుని నిలబడిపోయింది. దీర్ఘం సంగతి సరే, అసలు తప్పు అది కాదు. అన్నం పడేదీ కడుపే, బిడ్డ పెరిగేదీ కడుపే. పక్కన ఒక్క 'తో' చేరిస్తే చాలు, కడుపుతో ఉంది అవుతుంది, వెళ్లాల్సిన గది మారిపోతుంది. ఆ ఒక్క అక్షరం నోట్లోంచి ఊడిపడటం లేదు. పక్కనే పిన్ని ఉంది.

"పిన్నీ, నువ్వు కాసేపు బయట కూర్చోరాదూ?"

"బావుంది! ఇలా ఉన్నదాన్ని వదిలేసి కూర్చుంటానా?"

కడుపు నొప్పి గది ముందు ముప్పావుగంట పోయింది. లోపలి డాక్టరు కారం తగ్గించమన్నాడు. దెబ్బ తగిలిందని ఆమె అంటే, "మరి నా దగ్గరికెందుకొచ్చారు?" అని ఎదురు విసుక్కుని దెబ్బల గదికి పంపాడు. అక్కడింకో అరగంట. కుర్ర డాక్టరు పొట్ట మీద నాలుగు చోట్ల నొక్కి, ఎక్స్‌రే రాసి, అప్పుడే తర్వాతి మనిషిని పిలిచేశాడు. పొత్తికడుపులో సన్నగా మెలిపెడుతోంది. ఆమెకు అందరి మీదా కోపంగా ఉంది. కటింగ్ అన్న మీద, గుమాస్తా మీద, ఫోన్ ఎత్తని భర్త మీద, అన్నిటికంటే ఎక్కువగా మూతపడిన తన నోటి మీద.

ఎక్స్‌రే గది తలుపు దగ్గర మనిషి, రోజుకు వందసార్లు అడిగే గొంతుతో, "గర్భం ఏమైనా ఉందా?" అన్నాడు.

"అబ్బే, లేదు బాబూ," అంది పిన్ని. "ఉంటే నాకు తెలీదూ?"

"ఉంది!"

వరండా అంతా తిరిగి చూసింది.

"ఉంది. ఎనిమిదో వారం. కమ్మీ గుద్దుకుంది, రక్తం కనబడింది. ఇందాకట్నుంచీ గదులన్నీ తిరుగుతున్నాను, ఒక్కరూ అడగలేదు!"

"మీరూ చెప్పలేదుగా అమ్మా," అన్నాడతను. అది నిజం కాబట్టి ఆమెకు ఒళ్లు ఇంకా మండింది.

ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. స్త్రీల విభాగంలో డాక్టరమ్మ నొప్పి ఎక్కడో అడిగింది, మరక ఎంతో అడిగింది, రక్తం గ్రూపు అడిగింది, స్కానింగ్ చేస్తూ తెర ఆమె వైపు తిప్పింది. తెర మీద చిక్కుడుగింజంత ఆకారంలో ఏదో టపటప మినుకుమంటోంది.

"గుండె. కొట్టుకుంటోంది, చూడండి. ఈ వారాల్లో గర్భసంచి ఇంకా ఎముకల చాటునే ఉంటుంది, బయటి దెబ్బ అంత సులువుగా తగలదు. కానీ రక్తం కనబడింది కాబట్టి వారం తర్వాత మళ్లీ చూడాలి. నొప్పి పెరిగినా, రక్తం ఎక్కువైనా ఆగకుండా వచ్చెయ్యండి."

"నిలుస్తుందా డాక్టరుగారూ?"

"అది ఇవాళ ఎవరూ చెప్పలేరమ్మా."

బయట బెంచీ మీద పిన్ని పక్కకు జరిగి చోటిచ్చింది. మంచినీళ్ల సీసా మూత తీసి అందించింది, అంతే. అప్పుడు ఫోన్ మోగింది.

"ఏంటి అన్నిసార్లు చేశావ్?" అన్నాడు భర్త. ఆమె జరిగింది చెప్పింది, ఎక్స్‌రే గది దాకా. "పిన్ని ముందు చెప్పేశావా? ఇంకేముంది! రేపటికి మా డిపో దాకా వచ్చేస్తుంది. కాస్త ఆగలేకపోయావా?"

"దెబ్బ తగిలిందంటున్నాను. లోపల ఎలా ఉందని అడగరేం?"

అవతల బస్సు ఇంజను ఆపేసిన చప్పుడైంది.

"అడిగితే నువ్వేం చెబుతావోనని," అన్నాడు, "భయమేసింది."

ఆమెకు ఆ మాట అర్థమైంది. అయినా కోపం పోలేదు.

"గుండె కొట్టుకుంటోంది," అంది. "ఇవాళ్టికి కొట్టుకుంటోంది. రేపటి సంగతి ఎవరూ చెప్పలేరట. కిందటేడు అందరూ అడుగుతుంటే చచ్చిపోయాను, నిజమే. ఇవాళ ఎవరూ అడక్కపోతే అంతకంటే ఎక్కువ చచ్చాను. మీ డిపోలో మీరే చెప్పండి. ఉందని ఎవరికీ తెలియకపోతే, పోయిందని నేనెవరి దగ్గర ఏడవను?"